వరదకు ఇంట్లో చిక్కుకుంటే కాలక్షేపానికి ఏం చేయాలి? తాడు పేనండి

గోదావరి లంక ఊళ్లో ఉంటాం, వరదకు కాజ్‌వే మునిగితే వారం పది రోజులు గడప దాటే పని ఉండదు, ఫోన్ చూడటం కాకుండా ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఏదైనా చెప్పండి అని ఒకరు అడిగారు. ఇలాంటి ప్రశ్నకు వచ్చే జవాబులు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి: ఆన్‌లైన్ కోర్సు చేయండి, పెయింటింగ్ కిట్ తెప్పించుకోండి, కొత్త వంటలు నేర్చుకోండి. కానీ వరద రోజుల సంగతి వేరు. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే ఆఖరిదైన మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో వరద 25 లక్షలు దాటింది. అలాంటప్పుడు లంకల్లో కరెంటు ఉండదు, పాలప్యాకెట్టు కూడా పడవ మీదే రావాలి. ఇక కిట్ ఎవరు తెచ్చిస్తారండీ? అవన్నీ సిటీలో అపార్టుమెంటులో ఉండేవాళ్లకు సరిపోయే సలహాలు.

మన దగ్గర వరద రోజుల్లో కూడా కొదవ లేనిది ఒకటే, కొబ్బరి. డొక్కలు (కాయ ఒలిచిన పీచు తొక్కలు), మట్టలు ప్రతి పెరట్లో గుట్టగా పడుంటాయి. కాబట్టి నా జవాబు ఒక్కటే: కొబ్బరి పీచుతో తాడు పేనడం నేర్చుకోండి. కరెంటు అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. మిగతా పనులన్నిటికీ వానాకాలం చెమ్మ శత్రువు. తాడుకు మాత్రం పీచు కాస్త చెమ్మగా ఉంటేనే పురి నిలుస్తుంది. పైగా అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ చేసుకోవచ్చు. పదేళ్ల పిల్లల నుంచి కళ్లు సరిగ్గా కనపడని మామ్మగారి దాకా అందరూ చేయగలిగే పని. ఇది వేళ్లకు తెలియాల్సిన పని, కంటితో పెద్దగా పని లేదు.

ముందు డొక్కల సంగతి. వరద రోజుల్లో డొక్కల గుట్టలో నేరుగా చెయ్యి పెట్టొద్దు. నీళ్లు పెరిగితే పాములు, తేళ్లు, జెర్రులు పొడిగా ఉన్న గుట్టల్లోకే చేరతాయి. పొడుగాటి కర్రతో గుట్టను కదిపి, ఒక్కొక్క డొక్కనూ ఇవతలికి లాక్కుని, దులిపి తీసుకోండి. బాగా ముదిరిన కాయ డొక్క తీసుకోవాలి. బోండాం డొక్క పనికిరాదు, అందులో పీచు ఇంకా గట్టిపడి ఉండదు. ఏళ్ల తరబడి వానకు నాని నల్లగా మెత్తబడిన డొక్క కూడా వద్దు. దాని పీచు వేలితో లాగితేనే పుటుక్కుమంటుంది. ఒక డొక్కకు సుమారు 80 గ్రాముల పీచు వస్తుంది, మొదటిసారికి పది డొక్కలు సరిపోతాయి.

ఒక్కో డొక్కను నిలువునా నాలుగైదు చెక్కలు చేసి తొట్టెలో నానేయండి. డొక్క నీళ్ల మీద తేలుతుంది, అందుకని పైన ఒక పలక వేసి రాయి పెట్టాలి. మూడు నాలుగు రోజులు నానితే కొట్టడానికి వస్తుంది. రోజూ నీళ్లు మార్చండి, లేకపోతే వాసనకు ఇంట్లోవాళ్లు మిమ్మల్నీ తొట్టెనీ కలిపి బయట పెడతారు. వరద నీళ్లలో మాత్రం నానేయకండి. ఆ నీళ్లలో ఏం కలిసి వస్తుందో ఎవరికీ తెలీదు, మీరేమో ఆ పీచును గంటల తరబడి చేతుల్లో నలపాలి. వాన నీళ్లు పట్టుకుంటే చాలు.

నానిన చెక్కకు మొట్టమొదట పైన నున్నగా ఉండే తొక్కను ఒలిచెయ్యాలి. చాలామంది ఇది మానేసి నేరుగా బాదుతారు, ఎంత బాదినా చెక్క విడదు. ఆ తొక్కే పీచునంతా పట్టుకుని ఉంటుంది. తొక్క తీసేశాక చెక్కను రాయి మీద పెట్టి, పాత రోకలితో నిలువునా, పీచు పొడుగు వెంట కొట్టండి. అడ్డంగా కొడితే పీచు తెగుతుంది. కొడుతుంటే గోధుమరంగు పొట్టు రాలిపోయి పీచు విడుస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆ పొట్టును పారేయకుండా ఒక గోనెసంచిలో పోయండి. మూడుసార్లు నీళ్లతో కడిగి పిండితే అందులో ఉప్పు, వగరు పోతాయి, తర్వాత కుండీ మట్టిలో కలపొచ్చు. కడగకుండా వేస్తే మొక్క ఆకులు పసుపుబారతాయి.

కొట్టిన పీచును నీడలో ఆరబెట్టి, వేళ్లతోనే చిక్కు తీసి, జానెడు పొడుగున్నది ఒక పక్కకు, పొట్టిది ఒక పక్కకు వేరు చేయండి. పొట్టిది పారేయొద్దు, దాని పని తర్వాత ఉంది.

ఇక పేనడం. ఇక్కడ తొందరపడితే మొత్తం పోతుంది కాబట్టి నిదానంగా చెబుతాను. పీచు మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి, బొటనవేలు మందం పీచు తీసుకోండి. సగం పీచు మొదళ్లు ఇటు, సగం మొదళ్లు అటు ఉండేలా కలపాలి, అన్నీ ఒకే వైపు ఉంటే ఒక కొన బక్కగా, ఒక కొన లావుగా వస్తుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి ఒకే దిక్కుకు నలిపితే పెన్సిల్ మందం పురి, అంటే మెలి తిరిగిన ఒంటి పోగు, తయారవుతుంది. దాన్ని మడిచి కిటికీ ఊచకు తగిలించండి, రెండు కొనలూ రెండు పురులుగా మీ వైపుకు వేలాడతాయి. తగిలించేటప్పుడు మధ్యకు కాకుండా మూడో వంతుకు తగిలించండి, అంటే ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి ఉండాలి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

కుడిచేతిలో ఉన్న పురిని బొటనవేలు, చూపుడువేలుతో మీకు అవతలి వైపుకు రెండుసార్లు గట్టిగా తిప్పండి. తిప్పినదాన్ని వదలకుండా రెండో పురి మీదుగా ఇవతలికి దాటించండి. ఇప్పుడు రెండోది కుడిచేతికి వచ్చింది. దాన్నీ అవతలికి తిప్పి, ఇవతలికి దాటించండి. ఇంతేనండి, తాడంతా ఇదే. ఒక్కో పురికి ఒక దిక్కు మెలిక, రెండూ కలిసిన తాడుకు దానికి ఎదురు మెలిక. ఆ రెండు మెలికలూ ఒకదాన్నొకటి విప్పుకోవాలని చూస్తూ ఒకదాన్నొకటి బిగిస్తాయి. తాడు చేతిలోంచి వదిలినా విడిపోకపోవడానికి కారణం అదే. రెండు మెలికలూ ఒకే దిక్కుకు వేస్తే, ఊచ నుంచి తీయగానే మొత్తం విచ్చుకుని పీచై కూర్చుంటుంది. కొత్తగా పేనేవాళ్ల తాడు పాడవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం అతుకు. పురి కొన బెత్తెడు మిగిలి ఉండగానే కొత్త పీచు పెట్టాలి. అయిపోయేదాకా ఆగితే కొత్త పీచుకు పట్టు దొరకదు. రెండు పురులకూ ఒకే చోట అతుకు రాకూడదు, వస్తే బరువు పడగానే తాడు అక్కడే తెగుతుంది. మొదట్లో ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి పెట్టమన్నది ఇందుకే. కొత్త పీచు పెట్టిన చోట తాడు కాస్త ఉబ్బుతుంది, కంగారుపడక్కర్లేదు. సన్నబడితేనే కంగారు పడాలి. ఇంకో సంగతి, పురుల పొడవు కంటే తాడు సుమారు పావు వంతు తగ్గుతుంది. నాలుగు మీటర్ల తాడు కావాలంటే పురులు అయిదున్నర మీటర్లకు తక్కువ కాకుండా పేనడానికి సిద్ధపడండి.

తాడు తయారయ్యాక తడిపి, రెండు స్తంభాల మధ్య లాగి కట్టి ఒక రాత్రి ఉంచండి. లేకపోతే తర్వాత వాడేటప్పుడు సాగుతుంది. మెలిక సమంగా పడిందో లేదో చూడాలంటే తాడు కొనకు చిన్న రాయి కట్టి వేలాడదీయండి. రాయి గిరగిరా తిరిగితే రెండు మెలికల్లో ఒకటి ఎక్కువైనట్టు. నిలకడగా ఉంటే తాడు బాగా వచ్చినట్టు. పైకి లేచిన వెంట్రుకల్లాంటి పీచును కాగితం మంట మీదుగా ఒక్క ఊపున లాగితే కాలిపోతుంది, పక్కన చెంబుడు నీళ్లు పెట్టుకునే ఈ పని చేయండి. పీచులో లిగ్నిన్ 40 శాతానికి పైనే ఉంటుంది, అందుకే నీళ్లలో పడి ఉన్నా ఇది గోగునార తాడులా త్వరగా కుళ్లదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. తాడు పేనడం అంటే "అది మనం చేసే పనా, కూలివాళ్లు చేస్తారు" అనే మాట మన ఊళ్లలో ఇంకా వినపడుతుంది. ఊలుతో స్వెటర్ అల్లితే హాబీ, పీచుతో తాడు పేనితే కూలిపనా? వేళ్లకు కావాల్సిన నేర్పు రెండింటికీ ఒకటే. నరసాపురం లేసును కూడా ఏళ్ల తరబడి ఆడవాళ్లు ఖాళీ పొద్దుల్లో చేసే చిల్లర పని అన్నారు, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చాక అదే నోళ్లు కళ అంటున్నాయి. మరోపక్క డొక్కలు మురుగు కాలవల్లోకి తోసేస్తున్నారు, అవి తూముల దగ్గర అడ్డం పడితే వాన నీళ్లు చేలల్లో నిలిచిపోతున్నాయి. ఆ తర్వాత బజారుకెళ్లి ప్లాస్టిక్ తాడు కొంటారు. ఎండకు రెండేళ్లలో పొడుంపొడుం అయ్యి చేలో కలిసే తాడు అది.

తాడు చేతికొచ్చాక పుల్లల చీపురు కట్టండి. ఎదిగిన మట్టకు 200 నుంచి 250 దాకా ఆకులు ఉంటాయి, మొదట్లో, చివర్లో ఉన్న పొట్టి ఈనెలు తీసేస్తే రెండు మట్టలకు ఒక చీపురు వస్తుంది. పచ్చి మట్ట మంచిది, రాలిపోయి నానిన మట్ట ఈనెలు ఊడుస్తుంటేనే విరుగుతాయి. తెల్లదోమ పట్టిన తోటల్లో ఆకు మీద నల్లటి మసి ఉంటుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, ఈనెకు ఏమీ కాదు. ఆకు గీసేటప్పుడు చాకు కదపొద్దు. చాకును తొడ పక్కన కదలకుండా పట్టుకుని, ఆకు మొదలు వైపు నుంచి కొనవైపు గీసుకుపోయేలా ఆకునే లాగండి. కొన నుంచి మొదలుకు గీస్తే చాకు ఈనెలోకి దిగుతుంది.

వానాకాలంలో అందరూ పాడుచేసుకునేది ఇక్కడే: పచ్చి ఈనెలను గట్టిగా కట్టేస్తారు. ఆరేకొద్దీ ఈనె సన్నబడుతుంది, వారానికి చీపురు వదులై పుల్లలు ఒక్కొక్కటీ జారిపోతాయి, కట్టు లోపల బూజు పడుతుంది. వదులుగా చిన్న చిన్న కట్టలు కట్టి, వంటింట్లో పొయ్యి పైన దూలానికి నాలుగైదు రోజులు వేలాడదీయండి. వంచితే పచ్చిగా మెలి తిరగకుండా చురుగ్గా వెనక్కి లేస్తే ఆరినట్టు. అప్పుడు మొదళ్లను నేలకేసి తట్టి సమం చేసి, రెండంగుళాలు వదిలి, నాలుగు వేళ్ల వెడల్పున తాడు చుట్టి ముడి వేయండి. చివరగా పిడి మధ్యలోకి జానెడు వెదురు ముక్కను చెక్కి సుత్తితో దిగ్గొడితే కట్టు ఇంకా బిగుసుకుంటుంది. తర్వాత వదులైనా ఇంకో చిన్న వెదురు మేకు దిగ్గొడితే సరి.

కొబ్బరినూనె గురించి కూడా అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. కరెంటు లేకపోయినా కోరాం, రోలు ఉంటే అవుతుంది. పది ముదురు కాయలకు సుమారు అర లీటరు వస్తుంది. పాలు తీసి మందపాటి మూకుట్లో సన్నసెగ మీద కలుపుతూనే ఉండాలి. అడుగంటితే నూనెకు మాడు వాసన పడుతుంది, అది ఇక పోదు. దూది వత్తిని నూనెలో ముంచి వెలిగించండి. చిటపటమంటే నీళ్లు ఇంకా ఉన్నట్టే, ఇంకాసేపు కాచాలి. ఆ నీళ్లు మిగిలితే నూనె నెల తిరక్కుండానే చెడుతుంది.

ఇంకా రోజులు మిగిలితే డోర్‌మ్యాట్ మొదలుపెట్టండి. మూడు తాళ్లను జడలా అల్లి, ఆ జడను పక్కపక్కనే చుట్టుకుంటూ దబ్బనంతో కుట్టుకుపోవాలి. మూడు సెంటీమీటర్ల వెడల్పు జడతో 40 బై 60 సెంటీమీటర్ల మ్యాట్‌కు ఎనిమిది మీటర్ల జడ పడుతుంది, దానికి సుమారు 30 మీటర్ల తాడు పేనాలి. చేయి తిరిగాక గంటకు రెండు మూడు మీటర్లు సాగుతుంది, కాబట్టి ఇంట్లో నలుగురూ తలా కాస్త పేనండి. మందం మాత్రం ఒకరు చూసి ఒకేలా ఉంచాలి, లేకపోతే జడ వంకర్లు పోతుంది. కుట్టేటప్పుడు మ్యాట్ గిన్నెలా పైకి లేస్తుంటే దారం మరీ బిగించి లాగుతున్నట్టు. అంచు అలలు అలలుగా వస్తుంటే వదులుగా వేస్తున్నట్టు. ప్రతి చుట్టు తర్వాత నేల మీద పరిచి, కాలితో తొక్కి చూసుకోండి. ఇందాక పక్కన పెట్టిన పొట్టి పీచును ఒక పాత గోనెగుడ్డలో పరిచి అడుగున కుట్టేస్తే మ్యాట్ జారదు, తడి కూడా గచ్చు మీదకు దిగదు.