అన్వేషణా, ఆరానా?

సందేహం: సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మీద తెలుగులో పాఠాలు రాస్తున్నాను. ముందే రాసుకున్న టెస్ట్ కేసులు (ఏం చేయాలో, ఏం రావాలో చెప్పే జాబితా) లేకుండా చేసే ‘ఎక్స్‌ప్లోరేటరీ టెస్టింగ్’ను ‘అన్వేషణాత్మక పరీక్ష’ అన్నాను. ‘ఆత్మక’ దండగ, ‘అన్వేషణ పరీక్ష’ చాలంటాడు ఒక మిత్రుడు. అన్వేషణేమిటి, గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిరగడమేగా అంటాడు ఇంకొకాయన. ఏది సరి?

సమాధానం: ‘ఆత్మక’ దండగ కాదు. రక్తపరీక్ష అంటే రక్తాన్ని పరీక్షించడం. ఆ లెక్కన అన్వేషణ పరీక్ష అంటే అన్వేషణను పరీక్షించడం. యాప్‌లో ‘సెర్చ్’ పనిచేస్తోందో లేదో చూడటం కాబోలు అనుకుంటారు. వెతకడమే స్వభావంగా గల పరీక్ష అని చెప్పాలంటే ‘ఆత్మక’ ఉండాల్సిందే. ‘శోధన’ జోలికి మాత్రం పోకండి, చర్చికి వెళ్లేవారికి అది ‘ప్రలోభం’ అన్న అర్థంలో వినిపిస్తుంది.

గుడ్డెద్దు మాటతోనే నాకు పేచీ. 1984లో ‘ఎక్స్‌ప్లోరేటరీ టెస్టింగ్’ అని పేరు పెట్టిన టెస్టింగ్ నిపుణుడు కెమ్ కేనర్ ఉద్దేశం అది కాదు. యాప్‌ను అర్థం చేసుకోవడం, ఏం పరీక్షించాలో ఆలోచించడం, చేసి చూడటం ఒకేసారి సాగుతాయి. ఇప్పుడు కనబడిందే తర్వాతి అడుగు చెబుతుంది. సుగ్రీవుడు దక్షిణాన ఎక్కడెక్కడ వెతకాలో వరసగా చెప్పి, నెల గడువు పెట్టాడు. అది టెస్ట్ ప్లాన్. లంక లోపల మాత్రం హనుమంతుడి చేతిలో జాబితా లేదు. మందోదరిని చూసి సీతే అనుకుని గంతులేశాడు, ఆనక ఆలోచించి కాదనుకుని ముందుకు కదిలాడు.

మన లిపినే తీసుకోండి. ‘పేరు టైపు చేసి సేవ్ నొక్కాలి’ అని టెస్ట్ స్క్రిప్టులో (ముందే రాసిన పరీక్ష జాబితాలో) ఉంటుంది. ‘లక్ష్మి’ అని కొట్టి సేవ్ నొక్కితే పాస్. తెలుగు తెలిసిన టెస్టరు అక్కడ ఆగడు. కంటికి రెండక్షరాలే, యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే పద్ధతిలో) ఏడు సంకేతాలు. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ఏది పోతుంది? పేరు రాసే గడిలో ఇన్ని అక్షరాలే అన్న పరిమితి సరిగ్గా ఒత్తు దగ్గర తెగితే? 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూల్చింది మన ‘జ్ఞా’యే. ‘జ్ఞ’కూ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని విడదీత గుర్తు (‘సాఫ్ట్‌వేర్’లో ‘ట్’ కింద వ-వత్తు పడకుండా వాడేది) ఉంటే చాలు, ఆ మెసేజ్ చూపబోయిన యాప్ కూలిపోయేది. ఆపిల్ ఆ నెలలోనే ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. అలాంటి కలయికను ముందే ఊహించి కాగితం మీద పెట్టేదెవరు? కెలికి చూసేవాడికి తగలొచ్చు.

ఈ పనికి తెలుగులో దగ్గరి మాట ‘ఆరా తీయడం’. జవాబులోంచి ఇంకో ప్రశ్న లాగేవాడినే ఆరా తీస్తున్నాడంటాం. దానికి ఎదురు ‘తనిఖీ’: చేతిలో జాబితా, పక్కన టిక్కు. స్క్రిప్టు ప్రకారం చేసేదానికి ఆ మాట చక్కగా సరిపోతుంది. తక్కువ మాటేమీ కాదు. నిన్న పనిచేసింది ఇవాళ చెడిందా అని చూడటానికి తనిఖీయే నయం.

శీర్షికలో మీ మాటే ఉంచండి. వివరణలో ‘ఆరా తీస్తూ పరీక్షించడం’ అనండి. ‘ఆరాపరీక్ష’ అని మాత్రం అతికించకండి, మళ్లీ రక్తపరీక్ష తంటాయే.