ఆసుపత్రి టీకా అడిగిందని బిడ్డ ఉద్యోగం మానిపిస్తారా?

ప్రశ్న: సార్, మాది బోడుప్పల్. మా పాప బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది, సిటీలోనే ఒక కార్పొరేట్ హాస్పిటల్‌లో స్టాఫ్ నర్స్‌గా ఆఫర్ వచ్చింది. జాయినింగ్‌కి ముందు హెపటైటిస్ బి (లివర్‌ని దెబ్బతీసే వైరస్) టీకా సర్టిఫికెట్, టైటర్ రిపోర్ట్ (టీకా వల్ల ఒంట్లో రక్షణ వచ్చిందో లేదో చూసే రక్తపరీక్ష) పెట్టాలంట, ఖర్చు మనదేనంట, ఏటా ఫ్లూ టీకా కూడా వేసుకోవాలంట. ఫస్ట్ ఇయర్‌లో కాలేజీలో ఒక డోసు వేశారు, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. మా ఇంట్లో టీకాలంటే భయం, కోవిడ్ టీకా వేసుకున్న కొన్ని నెలలకి మా బావమరిది హార్ట్ ఎటాక్‌తో పోయాడు. పెళ్లి కావాల్సిన పిల్ల, రేపు పిల్లలు పుట్టకపోతే ఎవరిది బాధ్యత? బలవంతంగా టీకా వేయొద్దని సుప్రీంకోర్టు కూడా చెప్పింది కదా. తెలిసిన ల్యాబ్ వాళ్లు టీకా వేయకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామంటున్నారు. లేదంటే అమీర్‌పేట్‌లో మెడికల్ కోడింగ్‌లో చేర్పిద్దామని ఉంది. నర్సింగా, కోడింగా, పోల్చి చెప్పండి. జాయినింగ్‌కి పది రోజులే టైముంది.

జవాబు: సార్, ముందు ఆ ల్యాబ్ సర్టిఫికెట్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీరు రాసినదంతా చదివితే నాకు నిజంగా భయమేసిన లైన్ అదొక్కటే.

రేపు డ్యూటీలో మీ పాపకి సూది గుచ్చుకుందనుకోండి, ఆ పేషెంట్‌కి హెపటైటిస్ బి ఉందని తేలింది. డాక్టర్ ఫస్ట్ అడిగేది పాప టీకా రికార్డే. టీకా పడనివాళ్లకి వీలైతే 24 గంటల్లోపే ఇమ్యునోగ్లోబులిన్, అంటే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్ ఇచ్చి, టీకా కూడా మొదలుపెడతారు. మూడు డోసులూ పడ్డాయి, టైటర్ బాగానే ఉంది అని ఫైల్లో ఉంటే ఏమీ ఇవ్వరు, అవసరం లేదని పంపించేస్తారు. అంటే మీరు డబ్బులిచ్చి కొన్న ఆ కాగితమే మీ పాపకి అందాల్సిన మందుని ఆపేస్తుంది. ఉద్యోగం పోవడం, కేసు అవ్వడం అవన్నీ తర్వాతి సంగతులు. ఆ ల్యాబ్ వాళ్లకి ఈరోజే వద్దని చెప్పేయండి.

ఇక అసలు విషయం. టీకా వల్ల ఏమవుతుందో అని ఇంత రాశారు, సూది గుచ్చుకుంటే ఏమవుతుందో ఒక్క ముక్క లేదు. రక్షణ లేని మనిషికి హెపటైటిస్ బి పేషెంట్ రక్తమున్న సూది గుచ్చుకుంటే ఇన్ఫెక్షన్ వచ్చే ఛాన్స్ 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. అందరూ వణికిపోయే హెచ్ఐవీకి అదే సూదితో ఛాన్స్ 0.3 శాతం. ఇంకోటి, ఈ వైరస్ ఎండిపోయిన రక్తపు మరక మీద కూడా వారం రోజుల పాటు బతికే ఉంటుంది. సరే, మీకు ఇవన్నీ తెలియకపోవచ్చు, కానీ ఇది మాత్రం అడుగుతా, ఏమనుకోవద్దు: ఈ నాలుగేళ్లూ మీ పాప పోస్టింగ్‌లకి వెళ్లింది కదా, ఇంజెక్షన్లు చేసింది, రక్తం తీసింది, వాడిన సూదులు ఆ తెల్ల డబ్బాలో వేసింది, అదంతా ఒక్క డోసు మీదే చేసింది. అప్పుడు మిగతా రెండు డోసులు ఏమయ్యాయని కాలేజీకి వెళ్లి ఒక్కసారైనా అడిగారా? అప్పుడు లేని భయం జీతం వచ్చే టైముకి వచ్చిందంటే అది టీకా భయం ఒక్కటే అని నేననుకోను, దాని దగ్గరికి కూడా వస్తా.

మీ బావమరిది గారి విషయం బాధాకరం. ఆయన ఎందుకు పోయారో నేను ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పను, ఇంట్లో అలాంటిది జరిగాక టీకా అన్న మాట వింటేనే గుండె ఝల్లుమనడం సహజం, దాన్ని తప్పు పట్టను. కోవిషీల్డ్ రకం టీకాతో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని దాన్ని రూపొందించిన ఆస్ట్రాజెనెకా కంపెనీయే 2024లో బయటపడిన బ్రిటన్ కోర్టు పత్రాల్లో ఒప్పుకుంది, అది దాచాల్సిన విషయం కాదు. కానీ హెపటైటిస్ బి టీకా దానికి చుట్టం కూడా కాదు సార్. ఇందులో బతికున్న వైరస్ ఉండదు, వైరస్ పైపొరలో ఉండే ఒక ప్రొటీన్‌ని ఈస్ట్‌లో తయారుచేసి ఇస్తారు. మన దేశంలో ఈ రకం టీకా మొదట తయారైంది మన హైదరాబాద్‌లోనే, వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చింది, అంతకుముందు విదేశాల నుంచి వచ్చేది మామూలోళ్లకి అందే ధరలో ఉండేది కాదు. 2011 నుంచి దేశమంతా ప్రభుత్వ టీకాల్లో ఉంది, ఇప్పుడు గవర్నమెంట్ ఆసుపత్రిలో బిడ్డ పుడితే 24 గంటల్లోపే వేస్తున్నారు. పిల్లలు పుట్టరు అన్న ఫార్వర్డ్ మెసేజ్ ఏ గ్రూపులో చూశారో గానీ దానికి ఆధారం లేదు, రిస్క్ ఉన్న గర్భిణులకి కూడా వేసే టీకా ఇది. ఉల్టా, పెళ్లయ్యాక బిడ్డ గురించి ఆలోచిస్తే అసలు భయపడాల్సింది జబ్బుకే, అది కాన్పులో తల్లి నుంచి బిడ్డకి పోతుంది.

టీకా పడకూడని వాళ్లు ఉంటారు, లేరని కాదు. ఈస్ట్ అలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లు, ముందు డోసుకి సీరియస్ రియాక్షన్ వచ్చినవాళ్లు. మీ పాపకి మొదటి డోసుతో ఏ గొడవా అయినట్టు మీరు రాయలేదు కాబట్టి ఆ ప్రశ్న దాదాపు తీరిపోయినట్టే. జ్వరం గట్టిగా ఉంటే తగ్గాక వేయించండి.

సుప్రీంకోర్టు సంగతి. మీరు చెప్పింది సగం కరెక్ట్. 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో ఎవరికీ బలవంతంగా టీకా వేయడానికి లేదని కోర్టు చెప్పింది, రాజ్యాంగం ఆర్టికల్ 21 కింద ఒంటి మీద హక్కు మనిషిదే అంది, కేసులు తక్కువగా ఉన్నంత కాలం టీకా వేసుకోనివాళ్లని పబ్లిక్ ప్లేసులకి రానివ్వకపోవడం లాంటి ఆంక్షలు తీసేయమని కూడా అంది. మిగతా సగం ఏంటంటే అదంతా కోవిడ్ టీకా గురించి, అప్పటి పరిస్థితికే అని ఆ తీర్పులోనే రాసి ఉంది. వార్డులో సూదులు పట్టుకునే నర్సుకి హెపటైటిస్ బి టీకా అడగడం వేరే లెక్క. మీ పాప చెయ్యి పట్టుకుని ఎవరూ గుచ్చరు, వద్దంటే వద్దే, కానీ ఆ తీర్పు కాపీ చూపిస్తే హెచ్ఆర్ వాళ్లు ఉద్యోగం ఇచ్చేస్తారనుకోకండి.

ఆ కోర్టు తీర్పు కంటే మీకు పనికొచ్చేది ఇంకోటుంది, దాని గురించి ఎవరూ ఫార్వర్డ్ పెట్టరు. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ అని ఉన్నాయి. ఆసుపత్రి వ్యర్థాలు ముట్టుకునే సిబ్బందికి హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు వేయించాల్సింది ఆసుపత్రి యాజమాన్యమే అని అందులో ఉంది. చేరేటప్పుడు, తర్వాత ఏడాదికొకసారి హెల్త్ చెకప్ చేయించడం కూడా వాళ్ల పనే. వాడిన సూది పారేసే నర్సు అందులోకి రాదని ఎవరైనా అంటారా? కాబట్టి ‘ఖర్చు మీదే’ అన్న లైన్ మీద పోట్లాడండి సార్, ‘టీకా వేసుకో’ అన్న లైన్ మీద కాదు. ఇక్కడ మీకు హక్కుంది, దాన్ని వదిలేసి లేని హక్కు కోసం తిరుగుతున్నారు.

ఇంకో మాట, ఆఫర్ లెటర్‌లో టీకా లైన్ ఒక్కటే మీకు కనిపించినట్టుంది. బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టమంటున్నారా, నైట్ డ్యూటీ నెలకి ఎన్ని, ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లు? ఇవేవీ మీరు రాయలేదు. నా దగ్గరికి వచ్చే నర్సింగ్ పిల్లల్లో టీకా వల్ల ఇబ్బంది పడ్డామని వచ్చినవాళ్లు గుర్తులేరు, సర్టిఫికెట్లు ఇరుక్కుపోయి ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లు మాత్రం చాలామంది. జిరాక్స్‌లు ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి.

ఇప్పుడు మెడికల్ కోడింగ్. దీని గురించి నాకు కొంచెం కోపం ఉంది, ముందే చెప్తున్నా. మైత్రీవనం దగ్గర ఏ గోడ చూసినా అదే బోర్డు, మూడు నెలల కోర్సు, హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్, ఇంట్లో కూర్చుని అమెరికా జీతం. పని చెడ్డది కాదు. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి ప్రతి జబ్బుకి, ప్రతి ప్రొసీజర్‌కి కోడ్ వేయాలి, దాన్ని బట్టే ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బులిస్తారు. అనాటమీ తెలిసిన నర్సింగ్ పిల్లలు బీకామ్ వాళ్ల కంటే తొందరగా పట్టుకుంటారు, అదీ నిజమే. కానీ బోర్డు మీద రాయనివి కొన్నున్నాయి. కోడర్లు రాసే సీపీసీ అనే సర్టిఫికేషన్ పరీక్ష పాసైనా అనుభవం లేనివాళ్ల పేరు పక్కన అప్రెంటిస్ అని ఒక ‘ఏ’ తగిలిస్తారు, చాలా కంపెనీలు ఆ ‘ఏ’ పోయినవాళ్లనే అడుగుతాయి, అది పోవాలంటే అనుభవం కావాలి, అనుభవం కావాలంటే ఉద్యోగం కావాలి, ఇక తిరుగుతూ ఉండండి. ప్లేస్‌మెంట్ అని చెప్పి కొంతమందిని ఏఆర్ కాలింగ్‌లో వేస్తారు, అంటే అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకి రాత్రంతా ఫోన్లు చేయడం. నైట్ డ్యూటీ తప్పుతుందనేమో మీరు కోడింగ్ అంటున్నది? పైగా సింపుల్ చార్టులు, ముఖ్యంగా ఎక్స్‌రే రిపోర్టుల లాంటివి, ఇప్పుడు సాఫ్ట్‌వేరే చాలావరకు కోడ్ చేసేస్తోంది, మనిషి చెక్ చేస్తే చాలు. ఫ్రెషర్లు పని నేర్చుకునేది ఆ సింపుల్ చార్టుల మీదే. అవి తగ్గిపోతే కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? దీనికి ఇన్‌స్టిట్యూట్ వాళ్లెవరూ నాకు సరైన జవాబు చెప్పలేదు, ఫీజు రెండు ఇన్‌స్టాల్‌మెంట్లలో కట్టొచ్చని మాత్రం చెప్పారు.

ఒక తమాషా చెప్తా. ఆ కోడ్ పుస్తకంలో పేషెంట్ వద్దన్నందుకు టీకా వేయలేదు అనడానికి కూడా ఒక కోడ్ ఉంది, జెడ్28.21. టీకా నుంచి తప్పించుకుని అక్కడికి వెళ్తే పాప రోజూ ఇంకొకళ్ల టీకాలకి కోడ్ వేస్తూ కూర్చోవాలి. కోవిడ్ టైములో ఆఫీసుకి రావాలంటే టీకా సర్టిఫికెట్ చూపించమని హైటెక్ సిటీ కంపెనీలు కూడా అడిగాయి, మర్చిపోయారా?

పోల్చి చెప్పమన్నారు. నా పోలిక చిన్నదే. వార్డులో రెండేళ్లు చేసిన నర్సు రేపు కావాలంటే కోడింగ్‌కి వెళ్లొచ్చు, ఆ అనుభవం అక్కడ పనికొస్తుంది. డిగ్రీ అవ్వగానే కోడింగ్‌కి వెళ్లి మూడేళ్లకి వార్డుకి తిరిగొస్తానంటే చాలా కష్టం, చెయ్యి మర్చిపోతుంది, గ్యాప్ అడుగుతారు. విదేశాలకైతే వార్డు అనుభవమే చూస్తారు. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీకి నర్సుల్ని పంపిస్తోంది కదా, అక్కడ 2020 మార్చి నుంచి ఆసుపత్రి సిబ్బంది మీజిల్స్ (తట్టు) టీకా ప్రూఫో, దానికి రక్షణ ఉన్నట్టు ప్రూఫో చూపించాల్సిందే, 1970 తర్వాత పుట్టిన అందరికీ వర్తిస్తుంది. ఎక్కడికెళ్లినా టీకా కార్డు వెంట ఉండాల్సిన వృత్తి ఇది, బోడుప్పల్ దాటితే తప్పుతుందనుకోకండి. అయితే పాపకి నిజంగా రక్తం, వార్డు, ఆ వాసనలు పడకపోతే, ఏడుస్తూ పోస్టింగ్‌లకి వెళ్లేదైతే, అప్పుడు కోడింగ్ గురించి నేనే కూర్చోబెట్టి మాట్లాడతా. మీరు మాత్రం పాపకి ఏం కావాలో ఎక్కడా రాయలేదు.

ఇప్పుడు మీరు రాయని భయం. పెళ్లి అన్న మాట చూడగానే అర్థమైంది. నర్సు అంటే రాత్రి డ్యూటీలు, ఎవరెవరినో ముట్టుకోవడం, సంబంధాలు వచ్చేవాళ్లు ఏమంటారో అని. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, టీకా పేరుతో, హాస్టల్ పేరుతో, దూరం పేరుతో వస్తూనే ఉంటుంది, లోపలుండేది ఒకటే. తండ్రిగా మీ దిగులు నాకు అర్థమవుతుంది, కానీ నాలుగేళ్లు ఫీజులు కట్టి చదివించింది మీరే, ఎవరో అడిగారని కాదు. కోవిడ్‌లో ఊపిరాడక బెడ్ దొరకని రోజుల్లో మనమందరం వెతుక్కున్నది ఈ పిల్లల్నే. సంబంధం వచ్చినవాళ్లకి నర్సు ఉద్యోగం నచ్చకపోతే అది వాళ్ల బుద్ధి, మీ పాప లోపం కాదు. రాత్రి డ్యూటీకి భయపడితే క్యాబ్ ఉందా, హాస్టల్ ఉందా అని అడగండి, దానికి సమాధానం దొరుకుతుంది. టీకాని అడ్డం పెట్టుకుంటే పాప మీతో వాదించలేదు, అందుకే అది ఈజీగా దొరికింది మీకు. గట్టిగా అన్నానని బాధపడకండి.

పది రోజుల్లో ఏం చేయాలో చెప్తా, టైము ఉంది, కంగారు పడకండి. మొదటి డోసు మూడేళ్ల క్రితం పడినా మళ్లీ మొదట్నుంచి వేయించక్కర్లేదు, ఆగినచోట నుంచే కొనసాగిస్తారు. రెండోది ఇప్పుడే వేయించండి, మూడోది కనీసం ఎనిమిది వారాల తర్వాత, అది పడిన ఒకటి రెండు నెలలకి టైటర్ టెస్ట్. టైటర్ 10 యూనిట్లు దాటితే చాలు. దాటకపోతే మళ్లీ డోసులు వేస్తారు, కొంతమందికి మొదటి కోర్సులో రాదు, అది ఉద్యోగం పోయే విషయం కాదు. టీకాకి ముందు రక్తపరీక్ష చేసి జబ్బే ఉందని తేలితే లివర్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, మందులున్నాయి, ముందే తెలియడం మంచిదే. కాలేజీకి వెళ్లి ఆ మొదటి డోసు తేదీ రికార్డు రాయించుకోండి. కొత్త కార్డు మీద తేదీ, బ్యాచ్ నంబర్, సంతకం ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఫ్లూ టీకా గురించి ఎక్కువ ఆలోచించకండి, ఏడాదికొకటి, చాలామందికి చెయ్యి ఒకటి రెండు రోజులు నొప్పి పుడుతుంది, అంతే.

హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాలి, ఫోన్ కాదు. టైటర్ రిపోర్ట్ జాయినింగ్ రోజుకి రావడం ఎలాగూ కుదరదు కాబట్టి రెండు డోసుల కార్డుతో చేరనిస్తారా, మూడో డోసు, టైటర్ చేరాక మీ దగ్గరే చేయిస్తారా, 2016 రూల్స్ ప్రకారం ఖర్చు ఆసుపత్రి పెట్టుకోవాలి కదా, బాండ్ షరతులేంటి, రాత్రి డ్యూటీకి క్యాబ్ ఉందా. మర్యాదగా, ఐదారు లైన్లలో. మెయిల్ మాత్రం పాప ఐడీ నుంచే వెళ్లాలి సార్, పాపే రాయాలి. స్టాఫ్ నర్సు తరఫున వాళ్ల నాన్న రాసిన మెయిల్‌కి ఏ హెచ్ఆరూ రిప్లై ఇవ్వదు.