మనవాళ్ల కోసం ఎంత ప్రార్థించినా మార్పు కనిపించకపోతే ఏం చేయాలి?

ఈ మధ్యే మీకు విశ్వాసంలో కొత్త మెలకువ వచ్చిందనీ, ఆ సంతోషం తమ్ముడితో చెప్పుకోబోతే విసుక్కుంటున్నాడనీ, రోజూ ప్రార్థిస్తున్నా అతను ఇంకా దూరమవుతున్నాడనీ రాశారు. మీ ప్రార్థనలో లోపముందా అని అడిగారు. ఉందని నేను అనుకోను. మా నాన్నగారి విషయంలో నేను చూసింది చెబుతాను.

అమ్మ పోయాక నాన్న చర్చికి రావడం మానేశారు. పాస్టర్ గారు ఇంటికొస్తే మర్యాదగా మాట్లాడి పంపేసేవారు. బంధువులంతా నచ్చజెప్పాలని చూశారు. నాకు మాత్రం ఆయనతో వాదించబుద్ధి కాలేదు. అంత దుఃఖంలో ఉన్న మనిషికి వాక్యాలు అప్పజెప్పడం కన్నా పక్కన కూర్చోవడమే మేలనిపించింది. చెప్పాల్సిందంతా దేవుడికే చెప్పుకునేదాన్ని.

బైబిల్లోని ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు, మీ మనోనేత్రాలు వెలిగించబడాలని ప్రార్థిస్తాడు. ఆ 17, 18 వచనాల పక్కన పెన్సిల్‌తో నాన్న పేరు రాసుకుని, "మీ" అన్నచోట ఆయన పేరు పెట్టి చదివేదాన్ని. సొంత మాటలు రాని రోజున అదే నా ప్రార్థన. పౌలు ఆ మాటలు రాసింది అప్పటికే నమ్మినవాళ్లకు. అంటే కళ్లు తెరుచుకోవడం ఒక్కసారితో అయిపోయేది కాదు, మనకూ రోజూ కావాల్సిందే. అందుకని నా పేరుతోనూ చదివేదాన్ని. మీరూ తమ్ముడి పేరు తర్వాత మీ పేరు చేర్చండి.

నాకు బాగా ధైర్యమిచ్చింది, తర్వాతి కాలంలో గొప్ప క్రైస్తవ బోధకుడైన అగస్టీన్ తల్లి మోనికా జీవితం. కొడుకు వేరే మతబోధల్లో పడ్డాడని ఆమె ఏళ్ల తరబడి ఏడ్చింది. అతనితో మాట్లాడమని ఒక బిషప్‌ని బతిమాలితే, ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు చెప్పినా వినే స్థితిలో లేడు, వదిలేసి అతని కోసం ప్రార్థించు అన్నాడు. క్రీ.శ. 383లో అగస్టీన్ రోమ్‌కి బయల్దేరుతుంటే, వెళ్లనివ్వొద్దని ఆమె రాత్రంతా దేవుణ్ణి వేడుకుంది. అతను ఆమెకు అబద్ధం చెప్పి ఓడెక్కేశాడు. ఆ రాత్రి ఆమె అడిగింది జరగలేదు. కానీ ఆ ప్రయాణమే అతన్ని చివరికి మిలాన్‌లో బిషప్ అంబ్రోస్ దగ్గరికి చేర్చింది. 386లో అతని మనసు తిరిగింది, 387లో అంబ్రోస్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. ఆమె ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది ఇవ్వడానికే దేవుడు ఆ ఒక్క రాత్రి మనవిని పక్కన పెట్టాడని అగస్టీనే తర్వాత రాసుకున్నాడు.

అది తెలిశాక నాన్న ఈ ఆదివారం చర్చికి రావాలి, ఫలానా మీటింగ్‌కి రావాలి అని అడగడం నేను తగ్గించాను. కళ్లు తెరువు ప్రభువా, ఏ దారిలో తెరుస్తావో నీ ఇష్టం అన్నదొక్కటే అడిగేదాన్ని. కోతకు, అంటే మనుషుల్ని దేవుడి దగ్గరికి చేర్చే పనికి, పనివాళ్లను పంపమని దేవుణ్ణి అడగమని యేసే చెప్పాడు కదా. అందుకే నాన్న మాట్లాడగలిగే ఒక మనిషిని పంపమని కూడా అడిగేదాన్ని. మన నోటి నుంచే వినాలని లేదు. ఇంట్లోవాళ్ల మాట చాలాసార్లు చెవికెక్కదు.

నేను ప్రార్థనకు కూర్చోగానే నాన్న టీవీ సౌండ్ తగ్గించేవారు. ఏమీ అనేవారు కాదు. ఒక సాయంత్రం మాత్రం, "నా గురించి ఏమడుగుతున్నావమ్మా?" అన్నారు. ఆ వచనాలు ఆయన పేరుతోనే చదివాను. పెన్సిల్‌తో రాసిన పేరుని చాలాసేపు చూశారు. "ఇంకోసారి చదువు" అన్నారు. ఆ తర్వాత పాత మిత్రుడొకాయన తరచూ రావడం మొదలైంది. ఇద్దరూ కలిసి బైబిలు చదువుతున్నారు. చర్చికి ఇంకా రావడం లేదు. నేనూ అడగడం లేదు.

ప్రార్థిస్తే మీ తమ్ముడు తప్పకుండా మారతాడని మాటివ్వలేను. సొంత జనమైన యూదుల రక్షణ కోసం ప్రార్థించిన పౌలు కూడా, తన హృదయంలో మానని వేదన ఉందని రోమా పత్రికలో రాశాడు. అందరూ తిరిగి రావడం ఆయనా చూడలేదు. అయినా అడగడం మానలేదు.

ఒక్కటి మాత్రం చేయండి. అతను ఉద్యోగం గురించో ఆరోగ్యం గురించో టెన్షన్ పడుతుంటే దాని కోసమూ ప్రార్థించండి. తర్వాత ఫోన్ చేసి, "ఏమైందిరా?" అని అడగండి. ఆ ఫోన్‌లో వాక్యం ఎత్తకండి.