క్యాంపస్‌లో ఎవరేం మాట్లాడినా ఊరుకోవాలా? – నాకు జరిగింది చెప్తాను

యూనివర్సిటీలో మాటకి హద్దు ఉండొద్దా అని కొందరు అడుగుతుంటారు. ఉండాలి, మాట్లాడే స్వేచ్ఛకి సమంజసమైన పరిమితులు పెట్టొచ్చని చెప్పే 19(2) రాజ్యాంగంలో ఉన్నదే అందుకు. కులం పేరుతో తిట్టడాన్నీ, చంపుతాం నరుకుతాం అనడాన్నీ నేను స్వేచ్ఛ అనను. కానీ మన దగ్గర నోరు మూయిస్తున్నది అలాంటి వాళ్ళవి మాత్రమేనా అంటే కాదు.

నేను పీజీ సెకండియర్‌లో ఉన్నప్పుడు హాస్టల్‌లో నాలుగు రోజులు నీళ్ళు రాలేదు. ఖాళీ బకెట్లు వరసగా పెట్టి ఫోటో తీసి, ట్యాంకర్ల డబ్బులు ఎటు పోతున్నాయి అని ఫేస్‌బుక్‌లో రాశాను, ఒక్క బూతు లేదు, ఎవరి పేరూ లేదు. మూడోరోజు షోకాజ్ నోటీసు, "సంస్థ ప్రతిష్ఠకు భంగం" అట. ఏ వాక్యం వల్ల భంగం కలిగింది సార్ అంటే జవాబు లేదు, సాయంత్రానికి మా ఇంటికి ఫోన్ వెళ్ళింది.

నాన్న ఖమ్మం దగ్గర మా ఊరి నుంచి తెల్లారేసరికి బస్సెక్కి వచ్చాడు, మిరపకాయ ఏరే టైం, కూలీలని వదిలేసి మరీ. పెళ్ళిళ్ళకి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని రెండు గంటలు ఆఫీసు బయట నిలబడ్డాడు. మళ్ళీ ఇలా జరగదని రాసిచ్చే అండర్‌టేకింగ్ కాగితం ముందు పెడితే చదవకుండానే సంతకం పెట్టి, తప్పయింది సార్ మా పిల్ల మళ్ళీ ఇట్లా చెయ్యదు అని చేతులు జోడించాడు. పోస్టు తీసేశా. కోర్సు అయ్యేదాకా ఏదన్నా అడుగుదామని నోరు తెరవబోతే ఆ చేతులే గుర్తొచ్చేవి.

ఐటీ చట్టంలో 66ఏ అని సెక్షన్ ఉండేది, ఆన్‌లైన్‌లో రాసింది "చిరాకు" కలిగించినా మూడేళ్ళ దాకా జైలు. 2012లో ముంబై బంద్ మీద పోస్టు పెట్టిన అమ్మాయితో పాటు లైక్ కొట్టిన అమ్మాయిని కూడా అరెస్టు చేశారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, మాటలు మరీ అస్పష్టంగా ఉన్నాయని. చర్చించొచ్చు, ఒక వాదాన్ని గట్టిగా వినిపించొచ్చు, రెచ్చగొట్టడం దాకా వెళ్తేనే ఆపాలి అంది. మరి "ప్రతిష్ఠ" అనే మాట ఏం స్పష్టంగా ఉందని? తెలంగాణ ఉద్యమానికి ఆర్ట్స్ కాలేజీ మెట్లే వేదికైన ఉస్మానియాలోనే 2025 మార్చిలో ధర్నాలు, నినాదాలు వద్దని సర్క్యులర్ ఇచ్చారు, అది చదివి నిజంగా కడుపు రగిలింది.

మీకు ఇలాంటి నోటీసొస్తే ఏ రూలు, ఏ వాక్యం అని రాసి అడగండి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. అన్నిటికంటే ముందు ఇంట్లో మీరే చెప్పండి. నేను చెప్పలేదు, ఆ ఫోన్ వచ్చేసరికి నాన్న చేలో ఉన్నాడు.