ఆపరేషన్ అయిన రాత్రి పిల్లికి ఒళ్లు కాలిపోతే?

ప్రశ్న: డాక్టర్ గారూ, పోయిన వారం మా రెండేళ్ల పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. సాయంత్రం ఇంటికి తెచ్చాక ఉన్ని దుప్పటి కప్పి, పక్కన వేడినీళ్ల సంచి పెట్టాను. రాత్రి ఎనిమిదింటికి చెవులు కాలిపోతున్నాయి, థర్మామీటర్ పెడితే 104. కళ్లు నల్లగా ఇంతింత చేసుకుని, గుర్రుగుర్రుమంటూ దుప్పటిని ముందుకాళ్లతో పిసుకుతూనే ఉంది, నిద్రపోదు. చీటీలో హైడ్రోమార్ఫోన్ అనే నొప్పి ఇంజెక్షన్ అని ఉంది, ఇంట్లో వేయడానికి బుప్రెనార్ఫిన్ అనే నొప్పి మందు చుక్కలు ఇచ్చారు. అత్తయ్య పారాసిటమాల్ పావు ముక్క వేయమన్నారు, వేయలేదు. భయమేసి నొప్పి మందు కూడా ఆపేశాను. తెల్లారేసరికి 101.8కి దిగింది. ఇన్ఫెక్షనేనా? వచ్చే వారం రెండో పిల్లికి ఆపరేషన్ ఉంది, ఇప్పట్నుంచే టెన్షన్.

జవాబు: పారాసిటమాల్ వేయకపోవడం చాలా మంచి పని. ఆ మందును విరిచేసే ఎంజైమ్ పిల్లి లివర్లో సరిగా ఉండదు, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్లు గోధుమ రంగుకి తిరుగుతాయి, ప్రాణమే పోవచ్చు. అత్తయ్యగారికి ఈ ముక్క చదివి వినిపించండి.

ఇక ఆ వేడి. మీరు చెప్పిన తీరు చూస్తే అది ఇన్ఫెక్షన్ కంటే మందు పనిలాగే ఉంది. మీ పిల్లికి ఇచ్చిన రెండూ మార్ఫిన్ జాతి నొప్పి మందులే, అవి మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే చోట పనిచేస్తాయి, పిల్లుల్లో ఆ అదుపు పైకి జరుగుతుంది. హైడ్రోమార్ఫోన్‌తో ఇది మరీ ఎక్కువ, మిగతావాటితోనూ కొంత ఉంటుంది. కుక్కలకి ఇవే మందులిస్తే రొప్పుతూ చల్లబడతాయి, కనుపాపలు చిన్నవవుతాయి. పిల్లులకి అన్నీ తిరగబడతాయి, కనుపాప విచ్చుకుంటుంది, వేడెక్కుతుంది. ఆ పిసకడం, గుర్రుమనడం కూడా మందు ఇచ్చిన హుషారే. ఇంకో తమాషా ఏమిటంటే, మత్తులో ఉన్నప్పుడు ఎంత ఎక్కువ చల్లబడితే తర్వాత అంత ఎక్కువ వేడెక్కడం గమనించారు. పైన మీ ఉన్ని దుప్పటి, వేడినీళ్ల సంచి తోడయ్యాయి!

కుట్టు దగ్గర చీము పట్టి వచ్చే జ్వరం మామూలుగా అదే రోజు రాదు, రెండు మూడు రోజులు పడుతుంది. అప్పుడు పిల్లి నీరసంగా ముడుచుకుంటుంది, తిండి మానేస్తుంది, కుట్టు ఎర్రగా ఉబ్బుతుంది. మీ పిల్లి అలా లేదు కదా.

నొప్పి మందు సొంతంగా ఆపడం మాత్రం నాకు నచ్చలేదు. వేడి కొన్ని గంటల్లో దానంతటదే దిగుతుంది, కానీ నొప్పితో ఉన్న పిల్లి ఆ సంగతి బయటపెట్టదు, మూలన కూర్చుని కళ్లు సగం మూసి చెవులు పక్కలకి వాల్చేస్తుంది. ఆపాలనిపిస్తే ముందు మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి. అన్నట్టు బుప్రెనార్ఫిన్ చుక్కలు బుగ్గ లోపలి వైపున వేయాలి, చిగుళ్లు పీల్చుకుంటేనే పని చేస్తుంది, మింగేస్తే చాలావరకు వృథా.

రెండో పిల్లికి ఇలాగే అయితే దుప్పట్లు తీసేయండి, ఫ్యాన్ వేయండి, నీళ్లు దగ్గర పెట్టండి, కనుపాపలు పెద్దవయ్యాయి కాబట్టి గదిలో లైటు తగ్గించండి. ఐసు నీళ్లు పోయొద్దు. చెవి పట్టుకుని వేడి చెప్పలేం, మలద్వారంలో పెట్టే థర్మామీటరే నిజం చెబుతుంది. మామూలుగా 100.5 నుంచి 102.5 దాకా ఉంటుంది. గంటకోసారి చూస్తే చాలు, పావుగంటకోసారి పట్టుకుని గింజుకునేలా చేస్తే ఆ గింజుకోవడానికే ఇంకాస్త పెరుగుతుంది. 105 దాటినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, పిలిస్తే పలకకపోయినా రాత్రి అని చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మార్ఫిన్ జాతి మందుకి విరుగుడు ఇంజెక్షన్ ఉంది, కానీ దాంతో నొప్పి తగ్గించే గుణమూ పోతుంది కాబట్టి డాక్టర్లు అవసరమైతేనే ఇస్తారు.

పిల్లిని ఇంటికి తెచ్చుకునే ముందు రెండు సంగతులు చీటీ మీద రాయించుకోండి: ఆఖరి నొప్పి ఇంజెక్షన్ ఎన్నింటికి ఇచ్చారో, బయల్దేరేటప్పుడు ఒంటి వేడి ఎంతో.