వేట, చేపల సరదాకి ఎంత పెట్టొచ్చు? బోటుకి లోన్ తీసుకోనా?

ప్రశ్న: నా వయసు 46. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. మా అబ్బాయి చదువు కోసం వేరే ఊరు వెళ్లాక ఆఫీసులో ఒక స్నేహితురాలు నన్ను చేపలు పట్టడానికి తీసుకెళ్లింది. అలా మొదలైంది. తర్వాత వేట భద్రతా కోర్సు పాసయ్యాను, లైసెన్సు తీసుకున్నాను, రైఫిల్ కొన్నాను, పోయిన సీజన్‌లో మొదటి జింక దొరికింది. ఇంత హుషారుగా నేను ఎన్నో ఏళ్లుగా లేను. కానీ 14 నెలల్లో దీని మీద పెట్టింది కూడితే మా ఇద్దరి రెండు నెలల జీతమంత అయింది. అందులో అర నెల జీతమంత ఇంకా క్రెడిట్ కార్డు మీదే ఉంది, వడ్డీ ఏడాదికి 24 శాతం. రిటైర్మెంట్ కోసం కట్టేది (ఇంటి ఆదాయంలో నూటికి 6) ఆరు నెలలుగా ఆపేశాను. ఇప్పుడు ఐదేళ్ల లోన్ మీద చిన్న బోటు, దాంతోపాటు జీవితకాల లైసెన్సు తీసుకోవాలనుంది. మావారు "ఈ వయసులో ఇదేం పిచ్చి" అంటున్నారు. మాంసం ఖర్చు కలిసొస్తోంది కదా అని నా వాదన. ఎవరిది కరెక్ట్?

జవాబు: ముందు తేల్చి చెప్పేస్తాను. బోటు ఇప్పుడు వద్దు, జీవితకాల లైసెన్సు కూడా ఆగొచ్చు. వేట, చేపలు మానేయమని మాత్రం నేను చెప్పను, అంత అవసరం మీ లెక్కల్లో ఎక్కడా కనిపించలేదు. 46 ఏళ్లకి కొత్త విద్య పట్టుదలగా నేర్చుకుని, పరీక్ష పాసై, మీకు మీరే నచ్చే పని ఒకటి దొరికించుకున్నారు. దానికి డబ్బు పెట్టడం తప్పేమీ కాదు. ఆ డబ్బు ఎక్కణ్నుంచి తీశారన్నదే నన్ను కంగారుపెట్టింది.

అందరూ చదువుతారు కాబట్టి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి జంతువుల్ని వేటాడటం నేరం. మీరు లైసెన్సుతో వేటకి అనుమతి ఉన్న చోట ఉంటున్నారు, వేట గురించి ఇక్కడ రాసేది అలాంటి చోట్ల ఉన్నవాళ్లకే. చేపల సంగతి, అక్కడి పర్మిట్ నిబంధనలు చూసుకుంటే, ఎవరికైనా పనికొస్తుంది.

మీ ఇంటికి నెలకి వచ్చేది 100 అనుకుందాం. మీరు 14 నెలల్లో పెట్టింది 200, అంటే నెలకి 14 పైచిలుకు. ఇది చూసి మీవారు భయపడ్డారంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు. కానీ ప్రశ్నతోపాటు మీరు పంపిన ఖర్చుల చిట్టా కాస్త ఓపిగ్గా విడదీస్తే రైఫిల్, గురి చూడటానికి దాని మీద స్కోప్, లాకర్, రాడ్లు, రీళ్లు, బూట్లు, కోర్సు ఫీజు, ఇవన్నీ కలిపి నూటికి అరవై వంతులున్నాయి. ఇవి మళ్లీ మళ్లీ కొనేవి కావు, సరిగ్గా చూసుకుంటే రైఫిల్ మీ తర్వాతి తరానికి కూడా పనికొస్తుంది. మిగతా నలభై వంతులు, అంటే 80, ఏటా వచ్చే ఖర్చు: లైసెన్సులు, తూటాలు, ఎర, పెట్రోలు, బస, గైడ్ ఫీజులు. 14 నెలలకి 80 అంటే నెలకి 6 కన్నా తక్కువే. మీ సరదా అసలు ఖరీదు ఇది. అయితే ఒక షరతు, ఉన్న రాడ్ బానే పనిచేస్తుండగా ఇంకో రాడ్ కొనడం ఆపితేనే ఈ లెక్క నిలబడుతుంది. మీ చిట్టాలో ఆరు రాడ్లున్నాయండీ.

ఇక కార్డు. పెట్టిన 200లో 50 అక్కడే ఉంది కాబట్టి చేతిలోంచి పోయింది 150, నెలకి సుమారు 10. ఆ పదిని ఇప్పుడు దారి మళ్లించాలి. 72ని వడ్డీ రేటుతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో సుమారుగా తెలుస్తుంది. 24 శాతం దగ్గర మీ బాకీ మూడేళ్లలో రెట్టింపవుతుంది, రిటైర్మెంట్ పెట్టుబడి 8 శాతం ఇస్తుందనుకున్నా దానికి తొమ్మిదేళ్లు పడుతుంది. అందుకే కార్డు ముందు. నెలకి 9 కార్డుకి, 1 చేపలకి పెడితే ఆరు నెలల్లో బాకీ వడ్డీతో సహా తీరిపోతుంది. ఆ ఆరు నెలలూ గట్టు మీద కూర్చుని, ఉన్న రాడ్లతో చేపలు పట్టండి. మధ్యలో వేట సీజన్ వస్తే ఉన్న రైఫిల్‌తో, ఉన్న తూటాలతో, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసేంత దగ్గరికే వెళ్లండి. ఒకటే మినహాయింపు: మీరు కట్టేదానికి జతగా మీ కంపెనీ కూడా రిటైర్మెంట్ ఖాతాలో డబ్బు వేస్తుంటే, ఆ వాటా మొత్తం వచ్చేంత వరకు ఈ నెల నుంచే కట్టడం మొదలుపెట్టండి, కార్డు తీరడానికి ఇంకో నాలుగు నెలలు ఎక్కువ పట్టినా సరే. కంపెనీ ఇచ్చేదాన్ని వదులుకోవడం జీతం కొంత వద్దని రాసిచ్చినట్టే.

కార్డు తీరాక ఆ పదిలో 6 రిటైర్మెంట్‌కి తిరిగి వెళ్లాలి, ఇందులో బేరం లేదు. మీరు 64కి రిటైరవుతారనుకుంటే ఇంకా 18 ఏళ్లుంది, 8 శాతం లెక్కన డబ్బు రెండుసార్లు రెట్టింపవుతుంది, అంటే ఇవాళ వేసే ప్రతి వందా అప్పటికి నాలుగు వందలు. ఆరు నెలలు ఆపిన 36 అప్పటికి 144 అయ్యేది, ఇవాళ్టి మీ ఇంటి ఆదాయంతో పోలిస్తే నెలన్నర జీతం. ధరలు కూడా పెరుగుతాయి కాబట్టి దాని విలువ ఇప్పటిలా ఉండదు, అయినా చిన్న మొత్తమేం కాదు. పైగా 70 ఏళ్లకి కూడా మీరు నీళ్ల ఒడ్డున రాడ్ పట్టుకుని కూర్చోవాలంటే ఆ ఖర్చు భరించాల్సింది ఈ డబ్బే.

మిగిలిన 4 మీ సరదాకి. దీనికోసం వేరే బ్యాంకు ఖాతా తెరవండి, జీతం పడిన రోజే ఆటోమేటిగ్గా అందులోకి వెళ్లేలా పెట్టండి. మీరు ఇరుక్కున్నది ఇక్కడే అని నాకనిపిస్తోంది. వేట, చేపల ఖర్చు నెలనెలా సమానంగా రాదు. లైసెన్సు రెన్యూవల్, తూటాలు, ప్రయాణం, బస అన్నీ సీజన్ ముందు ఒక్కసారిగా వచ్చి పడతాయి, ఆ నెల జీతం చాలదు, కార్డు బయటికొస్తుంది, సీజన్ అయిపోయాక ఖర్చు లేని నెలల్లో మిగిలిన డబ్బు ఇంటి ఖర్చుల్లో కనపడకుండా కలిసిపోతుంది. నెలకి 4 పక్కన పెడితే ఏడాదికి 48, దాదాపు అర నెల జీతం, సీజన్ తలుపు తట్టేసరికి చేతిలో ఉంటుంది. ఇప్పుడు మీ ఏటా ఖర్చు నెలకి 6 దగ్గరుంది కదా, 4కి దించాలంటే గైడ్ ఉండే ట్రిప్పులు తగ్గించాలి. మొదటి ఏడాది గైడ్ కావాలి, నేర్చుకోవాలి కాబట్టి. రెండో ఏడాది మీ స్నేహితురాలితో కలిసి పెట్రోలు, బస పంచుకుని వెళ్లినా నేర్చుకోవడం ఆగదు. ఆ ఖాతా ఖాళీ అయితే ఆ ఏడాదికి సీజన్ ముగిసినట్టే, కార్డు తీయకూడదు.

మాంసం వాదన వదిలేయండి, ప్లీజ్. జింక బతికున్నప్పటి బరువులో ఎముక లేని మాంసంగా చేతికొచ్చేది సుమారు మూడో వంతు. 60 కిలోల జంతువుకి 20 కిలోలు. మీ ఏటా వేట ఖర్చుని, దానికి రైఫిల్ ఖరీదులో ఇరవయ్యో వంతు కలిపి, ఆ 20 కిలోలతో భాగించి కిలో ఎంత పడిందో చూడండి, కొట్టించి ప్యాక్ చేయించిన ఖర్చూ మర్చిపోకుండా. ఇంటి పక్కనే వేటాడుకునే వాళ్లకి ఇది నిజంగా కలిసొస్తుంది. దూరం వెళ్లి, రూమ్ తీసుకుని, గైడ్‌ని పెట్టుకునే వాళ్లకి రాదు. పైగా వచ్చే సీజన్‌లో ఏమీ దొరక్కపోతే, అది చాలా మామూలు విషయం, అప్పుడు మీవారికి ఏం జవాబు చెబుతారు? "నాకు ఇష్టం, నా వాటా డబ్బుతో చేస్తున్నాను" అన్నది దీనికన్నా గట్టి మాట.

అన్నట్టు మీవారు సరదాకి కొనే కెమెరా లెన్సుల సంగతి కూడా చిట్టాతోపాటు మీరు రాశారు. ఆయనకీ నెలకి 4 వేరే ఖాతాలో పెట్టండి, కార్డు తీరాకే. ఎవరి ఖాతాలోంచి ఎవరు ఏం కొన్నా రెండోవాళ్లు అడగకూడదు. మగవాళ్ల సరదా ఖర్చు ఇంటి బడ్జెట్‌లో అడక్కుండానే కలిసిపోయి, ఆడవాళ్ల సరదాకి మాత్రం సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం నా దగ్గరికి వచ్చే చాలా ఇళ్లల్లో చూస్తుంటాను, అది నాకు అస్సలు నచ్చదు. ఆయన భయంలో న్యాయం మాత్రం ఉంది, ఆ కార్డు బాకీ ఇద్దరిదీ కాబట్టి.

కొనే వాటిలో ఎక్కడ ఖర్చు తగ్గించుకోవాలి, ఎక్కడ తగ్గించుకోకూడదు అన్నది కూడా చెప్పాలి. తుపాకీ పేలుడు శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క దెబ్బకి చెవి దెబ్బతినొచ్చు, కాబట్టి చెవి రక్షణ మంచిది కొనండి. లైఫ్ జాకెట్, చెట్టు మీద మంచె ఎక్కేటప్పుడు కట్టుకునే సేఫ్టీ బెల్టు ఎప్పుడూ కొత్తవే, మీ కొలతకి సరిపోయేవే. రాడ్లు, రీళ్లు, బైనాక్యులర్స్ మాత్రం నిశ్చింతగా సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చు, ఎందుకంటే ఒక్క సీజన్‌లో హుషారు చల్లారి అమ్మేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఆడవాళ్ల కోసం అని ముద్ర వేసి రంగు మార్చి ఎక్కువ ధర పెట్టినవాటికి డబ్బు తగలెయ్యకండి, కొలత ఒక్కటే చూడండి. చాలా రైఫిళ్ల బట్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, సగటు మగవాడి చేతి పొడవుకి చేసి ఉంటుంది. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నాక, మోచెయ్యి వంచి బట్ చివరని ఆ వంపులో ఆనించండి, చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కి హాయిగా అందితే సుమారుగా సరిపోయినట్టు. అందకపోతే కొత్త రైఫిల్ అక్కర్లేదు, తుపాకులు బాగుచేసే ఆయన బట్ కురచ చేసి ఇస్తాడు, దాని ఖర్చు కొత్తదానిలో చిన్న వంతు. ఉన్న రీళ్ల విషయానికొస్తే, ఉప్పునీళ్ల నుంచి వచ్చిన రోజే మంచినీళ్లతో మెల్లగా కడిగి, ఆరబెట్టి, డ్రాగ్, అంటే చేపల దారాన్ని (లైన్) పట్టి ఉంచే రీలు బిగింపు, వదులు చేసి దాచండి. పట్టేటప్పుడు డ్రాగ్ లైన్ తెగే బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య పెట్టుకుంటే పెద్ద చేప లాగినప్పుడు లైన్ తెగి ఎరలు పోవడం బాగా తగ్గుతుంది.

బోటు లెక్క ఇదీ. ఈసారి 100 అంటే నెల జీతం కాదు, బోటు ధర అనుకోండి. ఐదేళ్ల లోన్, 10 శాతం వడ్డీ అయితే మీరు కట్టేది మొత్తం 127. బీమా, పార్కింగ్, ఇంజిన్ సర్వీసు, ట్రైలర్ టైర్లు, ఇంధనం కలిపి ఏటా ధరలో పదో వంతు వేసుకున్నా ఐదేళ్లకి 50. ఐదేళ్ల తర్వాత సగం ధరకి అమ్ముడుపోతుందనుకుందాం, 50 వెనక్కి వస్తుంది. నికరంగా పోయేది 127. ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి 15 రోజులు నీళ్ల మీదికి వెళ్లగలిగితే ఐదేళ్లకి 75 రోజులు. రోజుకి బోటు ధరలో 1.7 శాతం. మీకు దగ్గర్లో రోజు అద్దె ఇంతకన్నా తక్కువుంటే అద్దె మేలు, ఎక్కువుంటే అప్పుడు మాట్లాడుకుందాం. ముందు ఒక ఏడాది అద్దె బోటులో తిరగండి, నిజంగా ఎన్ని రోజులు వెళ్లారో క్యాలెండర్‌లో గుర్తుపెట్టండి. బోటు కావాలనే కోరిక ఆగకపోతే, గాలి పెద్దగా లేని చెరువులకి కయాక్, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ, చూడండి. ఇంజిన్ లేదు, సర్వీసు లేదు, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, మీ 4 ఖాతాలోంచే కొనుక్కోవచ్చు.

జీవితకాల లైసెన్సు ధరని ఏటా ఫీజుతో భాగించండి. 20 వస్తే 20 ఏళ్లకి గానీ పెట్టిన డబ్బు తిరిగి రాదు. వయసు పైబడినవాళ్లకి మీ దగ్గర ఫీజు తగ్గిస్తారేమో చూడండి, తగ్గిస్తే ఆ లెక్క ఇంకా సాగుతుంది. అబ్బాయి చదువయ్యాక వేరే చోటికి మారే ఆలోచన ఉందని రాశారు కాబట్టి, మారితే అది అక్కడ చెల్లుతుందో లేదో తెలుసుకోకుండా డబ్బు కట్టకండి. ఏటా కట్టే ఫీజు గురించి మాత్రం బాధపడకండి, చాలాచోట్ల అది చెరువుల మీద, అడవుల మీదే ఖర్చవుతుంది. అమెరికాలో అయితే 1937 నుంచి తుపాకులు, తూటాల మీద వేసే పన్ను, 1950 నుంచి చేపల సామాన్ల మీద వేసే పన్ను చట్టప్రకారం వన్యప్రాణుల, చేపల సంరక్షణకే వెళ్తుంది.

ఇవన్నీ అయ్యేలోపు ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. మీ బీమా పాలసీలు బయటికి తీయండి. ఇంటి బీమాలో తుపాకులకి విడిగా పరిమితి ఉంటుంది చాలాసార్లు, మీ రైఫిల్, స్కోప్ దాంట్లో పడతాయో లేదో చూడండి. జీవిత బీమా దరఖాస్తులో ప్రమాదకరమైన అలవాట్ల గురించి అడిగే ప్రశ్న ఉంటే, ఇకముందు తీసుకునే పాలసీల్లో నిజం రాయండి, దాచితే క్లెయిమ్ అప్పుడు గొడవవుతుంది. మీ వల్ల ఎవరికైనా గాయమైతే నష్టపరిహారం కట్టే బీమా జర్మనీ, ఫ్రాన్స్ లాంటి దేశాల్లో వేటకి వెళ్లేవాళ్లకి తప్పనిసరి. మీ దగ్గర తప్పనిసరి కాకపోయినా తీసుకోండి, వచ్చే సీజన్ మొదలయ్యేలోపే.