ఆట నియమాలు వాళ్ళనే రాయనివ్వు

అమ్మాయీ,

మీ పరిశోధనను జనానికి దగ్గర చేయడానికి విద్యార్థులతో ఆట తయారు చేయిస్తున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఈ పని దగ్గరుండి చేయించినదాన్ని కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

అంతా మీరే నిర్ణయించేసి, బొమ్మలు వేయడానికీ కోడ్ రాయడానికీ మాత్రం వాళ్ళను పిలవకు. నియమాలు వాళ్ళే రాయాలి. ఆట చెప్పే విషయం ఉండేది నియమాల్లోనే. 1904లో అమెరికాలో లిజ్జీ మాగీ 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్'కు పేటెంట్ పొందింది. భూమి కొందరి చేతుల్లోనే పోగుపడితే మిగతావాళ్ళు ఎలా చితికిపోతారో చూపాలని ఆమె తపన. సంపద అందరికీ అందే మరో రకం నియమాలు కూడా తర్వాత చేర్చింది. దాన్నుంచే వచ్చి 1935 తర్వాత ఇంటింటికీ చేరిన మోనోపలీలో అవి లేవు. అందరినీ దివాలా తీయించినవాడే అక్కడ విజేత. నియమాలు పోయాయి, వాటితోపాటే ఆమె చెప్పదలచుకున్నదీ పోయింది.

అందుకే మొదటిసారి కూర్చున్నప్పుడు మీ ఫలితాలు ఏకరువు పెట్టకు. మీ రంగంలో తేల్చుకోవడం ఎక్కడ కష్టమో చెప్పు. యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా సంగతే తీసుకో. దాని మీద క్విజ్ పెడితే ముందే తెలిసినవాళ్ళు గెలుస్తారు, అంతే. అలా కాకుండా ఎదురుగా జ్వరంతో రోగి ఉన్నాడు, కారణం వైరసో బ్యాక్టీరియానో పరీక్షలో ఇంకా తేలలేదు, మందు ఇవ్వాలా ఆగాలా? ఇచ్చిన ప్రతిసారీ అందరూ తీసుకునే పేకలోకి మందుకు లొంగని కార్డు ఒకటి చేరుతుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే ఆడేవాళ్ళకు చిక్కు అర్థమవుతుంది.

మొదటి నమూనా కాగితం మీదే చేయించు. కంప్యూటర్‌లో కష్టపడి కట్టినదాన్ని కొట్టేయడానికి ఎవరికీ మనసొప్పదు. విషయం తెలియనివాళ్ళ చేత ఆడించి, తయారుచేసినవాళ్ళను పక్కన మాట్లాడకుండా కూర్చోమను. వివరించబోయి నోరు తెరిచారంటే ఆ నియమం ఇంకా కుదరలేదన్నమాట.

"ఇది మారిస్తే ఆట రంజుగా ఉంటుంది, మారిస్తే తప్పవుతుందా?" అని విద్యార్థులు పదే పదే అడుగుతారు. విసుక్కోకు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. దేన్ని వదిలేయవచ్చు, దేన్ని వదిలితే అబద్ధమవుతుంది అన్నది తేల్చాల్సింది నువ్వు. అలా తేల్చేటప్పుడు నీ పరిశోధన నీకే మరింత స్పష్టపడుతుంది. అందుకే ఆ పూటల్లో నువ్వు అక్కడే ఉండాలి, సహాయకులను పంపితే సరిపోదు.

పరీక్షల రోజుల్లో పని పెట్టకు. ఇది చదువులో భాగం కాకపోతే వాళ్ళ సమయానికి డబ్బు ఇప్పించు, పెట్టె మీద పేర్లు వేయించు. ఆడేవాళ్ళ సమాచారాన్ని పరిశోధనకు వాడుకునేట్లయితే నైతిక కమిటీ అనుమతి, వాళ్ళ అంగీకారం ముందే తీసుకో.

ఇక ప్రదర్శన రోజున ఆట ముగియగానే జనాన్ని లేవనివ్వకు. ఎందుకలా ఆడారో అడిగి, ఓ పావుగంట మాట్లాడించు. ఆ మాటలు నడిపించే పని కూడా విద్యార్థులకే అప్పగించు.

ఆశీస్సులతో,
మీ మేడమ్